తోలు చెడని పంది

మాది ఎల్లారెడ్డి దగ్గర చిన్న పల్లె. పోయినేడు అడవిపందులు మా మక్కచేను ఆగం చేస్తుంటే, పర్మిషన్ ఉన్న షూటర్‌ను పిలిపించినం. ఆయన చిన్న గుండ్లు నిండిన తూటా తీయంగనే మా అత్త అడ్డం పడ్డది.

"గది వద్దు బిడ్డా, తోలంత చిల్లులు పడ్తయి. మేం తోలుతోనే వండుకుంటం."

ఆయన ఒకటే గుండున్న తూటా పెట్టిండు. తెల్లారంగ పెద్ద పంది ఒక్క దెబ్బకే పడ్డది. బొచ్చు కాల్చనీకి అత్త వరిగడ్డి తెచ్చింది. నేను మసాలా నూరిన.

అంతల ఫారెస్ట్ సార్ వచ్చి, పర్మిషన్ చంపనీకే, తినొద్దు, పూడ్చిపెట్టాలె అన్నడు. గొయ్యి మాతోనే తవ్విచ్చి, మళ్ల ఎవలు తీసి తినకుండ పంది మీద కిరోసిన్ పోసిండు. మా మక్కలు తిని బలిసిన పందిని మేమే మన్నుల పెట్టినం.

ఇప్పటికీ చేన్ల ఆ జాగకు రాంగనే అత్త ఆగుతది.

"ఒక్కటే చిల్లు ఉండె బిడ్డా" అంటది.