సోమమ్మ ఇంటి కప్పుకు కట్టిన కప్పు

ముందే ఒప్పుకుంటాను: ఒక చిన్న ప్లాస్టిక్ కప్పుకు భయపడి, ఆ భయాన్ని ఒక ముసలమ్మకు కూడా అంటించిన ఘనుణ్ణి నేను. 2006 వానాకాలం. దుమ్ముగూడెం వైపు అడవి అంచున ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియన్‌ని. వేలి చివర చుక్క రక్తం తీసి, గాజు స్లయిడ్ మీద పూసి, మైక్రోస్కోపు కింద మలేరియా క్రిమిని వెతకడం నా ఉద్యోగం.

ఆ ఏడు సుభద్ర మేడం వచ్చారు. నలభై ఏళ్లుగా రేడియోధార్మికత తప్ప మరో ధ్యాస లేని శాస్త్రవేత్త. ఆ రంగంలో ఆడవాళ్లు కనిపించని రోజుల్లోనే రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటరును భుజాన వేసుకుని గనుల్లోకి దిగిన మనిషి. రిటైరయ్యాక కూడా ఊరుకోలేదు. నేలలోంచి వచ్చే రేడాన్ అనే వాయువు మనుషులు మసలే ఇళ్లలో ఎంత నిలుస్తుందో చూడాలని మా ఊళ్లు ఎంచుకున్నారు. చిన్న కప్పు, అందులో ఫిల్మ్ ముక్క. ఇంటి కప్పుకు ఆ కప్పును మూడు నెలలు వేలాడదీస్తే, రేడాన్ తన గుర్తులు ఫిల్మ్ మీద వదులుతుంది.

కప్పులు కట్టే పని నాకు అప్పగిస్తూ ఆమె అంతా వివరంగానే చెప్పారు. నేను మాత్రం 'రేడియోధార్మికత' దగ్గరే ఆగిపోయాను. కప్పుల సంచీని బండికి చిట్టచివర కట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. ప్రతి ఇంటి ముందూ డెట్టాల్‌తో చేతులు కడుక్కున్నాను. కోయగూడెంలో ఒంటరిగా ఉండే సోమమ్మ "ఏంది సారూ ఇది?" అంటే, "దాని కింద పండుకోకు, మంచిది గాదు" అని పెద్ద డాక్టరులా చెప్పి వచ్చాను.

నెలన్నరకు సోమమ్మ వణుకుతూ దవాఖానాకు వచ్చింది. స్లయిడ్ చూశాను. మలేరియా. అదీ ఫాల్సిపారమ్, ముదిరితే ప్రాణం తీసే రకం.

"దోమతెర ఇచ్చినం గద, కడ్తలేవా?" అని గద్దించాను.

"కొట్టంల యాడ కట్టాలె సారూ? ఇంట్ల పండుకోవద్దని నువ్వే అంటివి గద. తలుపేసి పశువుల కాడ పంటున్న."

మందులు ఇప్పించి, మేడంకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను. తిడతారనుకున్నాను. "ఇప్పుడు ఆమెకెలా ఉంది?" అని మాత్రమే అడిగారు.

వారం తిరక్కుండానే వచ్చారు. సోమమ్మ అప్పటికి తేరుకుంది గానీ, గడప దాటి ఇంట్లోకి రానంది. మేడం లోపలికి వెళ్లి సరిగ్గా ఆ వేలాడే కప్పు కిందే చాప పరుచుకుని కూర్చున్నారు.

"సోమమ్మా, ఇది నీకేమీ ఇవ్వదు. నీ ఇంట్లో ఉన్నదాన్ని కొంచెం తీసుకుంటుంది, అంతే."

"మరి సారెందుకు భయపడ్డడు?"

"సారు చదువుకున్నాడు కదా."

సోమమ్మ నవ్వుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చుంది. రోజూ మనిషి మసలాల్సిన ఇల్లు నెలన్నర మూసి ఉంది కాబట్టి ఆ కప్పు కొలతకు పనికిరాదు. మేడం కొత్తది నా చేతే కట్టించారు, డెట్టాల్ లేకుండా. ఆనాటి నుంచి ఎవరికి ఏం చెప్పినా, వాళ్లకు ఏం అర్థమైందో తిరిగి చెప్పించుకుని గానీ కదలను.

మూడు నెలలకు కప్పులు విప్పడానికి వచ్చిన మేడంకు జ్వరం తగిలింది. పరీక్షకు రక్తం కావాలి. సూది చూడగానే, గనులకు బెదరని ఆ చెయ్యి కొంగులో దాక్కుంది.

"నాకు తగ్గిపోయిందయ్యా," అన్నారు కళ్లు మూసుకుని.

తోడు వచ్చిన సోమమ్మ మెల్లగా ఆ చెయ్యి పట్టుకుని నా ముందు పెట్టింది.

"మేడం, ఇది మీకేమీ ఇవ్వదు. మీ దగ్గరున్నదాన్ని కొంచెం తీసుకుంటుంది, అంతే," అన్నాను.

ఆమె పకపకా నవ్వారు. ఆ నవ్వు ముగిసేలోపు చుక్క స్లయిడ్ మీదికి వచ్చేసింది.