తెల్లసొన ఆకారంలో గుంతలు

మా పాప పాలసీసా శుభ్రమైందో లేదోనని హిందూపురంలోని ఈ వంటింట్లో రోజూ రెండుసార్లు ఉడకబెడతాను. వేడికి ఏదైనా వదిలిపోతుందన్న నమ్మకం నాకు ధర్మవరంలో పుట్టింది. అక్కడ మా నాయన పట్టునూలును సబ్బునీళ్లలో ఉడికించి, దాని బంక వదిలించేవాడు.

అప్పట్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టులో నేను తెల్లసొనలోని ప్రోటీన్ చుట్టూ ప్లాస్టిక్ లాంటి పాలిమర్ తయారుచేయాల్సి వచ్చింది. తర్వాత ప్రోటీన్‌ను కడిగేస్తే దాని ఆకారంలో ఖాళీలు మిగలాలి. అవి మళ్లీ ఆ ప్రోటీన్‌నే పట్టుకోవాలి. గడువు పది రోజులే ఉంది. తొందరలో నాయన పద్ధతే నమ్మి పాలిమర్‌ను మరిగించాను. ప్రోటీన్ బయటికి రాలేదు. ప్రాజెక్టు పోయినట్టేననుకున్నాను.

ఇంటికి వెళ్లి చెబితే అమ్మ నవ్వింది. "గుడ్డు ఉడికితే గట్టిపడతాది గదమ్మా. ఇంత చదివి అదీ తెలీదా?"

"అది తీసేస్తే ఇంగేం మిగుల్తాది?" అన్నాడు నాయన.

"గుంతలు, నాయనా."

"గుంతల కోసరమా రెండేండ్లు కాలేజీకని రైలెక్కి తిరిగినావు?"

అయినా దారి ఆయనే చూపాడు. "బంక వదిలినాక మేము చల్లనీళ్లు మార్చి మార్చి జాడిస్తాం. ఓపిక గావల్ల పాపా."

పాలిమర్‌ను మళ్లీ కొత్తగా చేసి, పొడి కొట్టి, చల్లని ఉప్పునీళ్లు మారుస్తూ నాలుగు రోజులు కడిగాను. పరీక్షలో రెండు రకాల ప్రోటీన్లూ ఇస్తే, ఆ పొడి పాల ప్రోటీన్‌ను చాలావరకు వదిలేసి, గుడ్డు ప్రోటీన్‌ను పట్టుకుంది. మిగిలిన పొడి కొంచెం ఇంటికి తెచ్చాను. నాయన దాన్ని అరచేతిలో వేసుకుని, వాకిట్లో ఎండకు పట్టి, చాలాసేపు గుంతల కోసం వెతికాడు.