కార్డు అడిగిన కంటి నంబరు

మా పిన్ని దేన్నైనా సహిస్తుంది, మసకను తప్ప. ప్రెస్సులో ప్రూఫులు దిద్దడం ఆవిడ ఉద్యోగం. ఒక్క అక్షరం అలుక్కుపోయినా ఆ పూట అన్నం సయించదు. కంప్యూటర్ ఆటలు ఒక్కటీ ఆడదు. కానీ ఎవరింట్లో ఎవరు ఆడుతున్నా వెనక నిలబడి, "ఆ గోడేంటి, బురద పులిమినట్టుంది? లే," అంటుంది. లేవక తప్పదు.

ఒకసారి మా అన్నయ్య ఆటలో కోటను కాపాడుకునే పనిలో ఉన్నాడు.

"పిన్నీ, రెండు నిమిషాలు. శత్రువులు మీద పడుతున్నారు."

"పడనీ. ఆ గుర్రం తోక చూశావా? తారులో ముంచి తీసినట్టుంది."

కుర్చీ లాక్కుని, తెర మీద బొమ్మ గీసే గ్రాఫిక్స్ కార్డు సెట్టింగులు తెరిచింది. వేగం వైపున్న గుర్తును నాణ్యత వైపు జరిపింది. గోడలకీ గుర్రాలకీ పైపూతల్లాంటి టెక్స్చర్లను 'హై' చేసింది. దూరపు నేల మసకబారకుండా చూసే ఫిల్టరింగును నాలుగు నుంచి పదహారుకు పెంచింది. ఆట మూసి మళ్లీ తెరిచేసరికి కోట పోయింది. పిన్ని మాత్రం తెర మీదకు వంగి తోకలో వెంట్రుకలు లెక్కపెడుతోంది.

"ఇప్పుడు ఓడిపోయినా చూడ్డానికి బావుంది," అంది.

పళ్ల డాక్టరు దగ్గరా అంతే. బుగ్గ పట్టుకుని లోపలికి వెళ్లిన మనిషి అరగంటైనా బయటకు రాలేదు. తొంగి చూస్తే డాక్టరు నిలబడి ఉన్నాడు, పిన్ని ఆయన కుర్చీలో ఉంది. ఆయన తీరిక వేళ ఆడుకునే కారు పందెంలో రోడ్డు మసగ్గా ఉందట.

"మరి పన్నో?" అని అడిగాను.

"ఎక్కడికి పోతుంది, నోట్లోనే ఉందిగా," అంది.

అలాంటి పిన్నికి తాతయ్య ఆట మాత్రం లొంగలేదు. తాతయ్య అంటే ఆవిడ మామగారు. నలభై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యాక, కంప్యూటర్లో బస్సు నడిపే ఆట పట్టుకున్నాడు. ఒకరోజు, "అమ్మాయ్, దారి బోర్డులు చదవడానికి రావడం లేదు. నువ్వు పెట్టించిన కార్డు పాడైంది," అన్నాడు.

పిన్ని సెట్టింగులన్నీ తిరగేసింది. "ఇప్పుడెలా ఉంది మావయ్యగారూ?"

"అలాగే ఉంది."

"రేపు డ్రైవర్ని మారుస్తాను. కార్డుని నడిపే సాఫ్ట్‌వేర్‌ని అలాగే అంటారు."

"నేనుండగా డ్రైవర్ని మార్చడమేంటి?"

మార్చింది. లాభం లేదు. "నీకు చేతకావడం లేదులే," అన్నాడు తాతయ్య. నాకేమో రోడ్డు పక్క గడ్డిపరకలు కూడా విడివిడిగా కనిపిస్తున్నాయి. ఆ మాటే అనబోతే పిన్ని నా కాలు తొక్కింది.

ఈ బోర్డుల గొడవ మొదలవడానికి వారం ముందు తాతయ్య వీధిలో ఎదురొచ్చే సైకిలును చూసుకోక కిందపడబోయాడు. కళ్లు చూపించుకోమన్నందుకు బాబాయితో రెండు రోజులు మాట్లాడలేదు. "నలభై ఏళ్లు బండికి గీత పడనివ్వలేదు. నా కళ్లకేం?" అని ఒకటే మాట.

పదిహేనో రోజున పిన్ని గంభీరంగా వచ్చింది. "మావయ్యగారూ, తప్పెక్కడుందో దొరికింది. ఈ కార్డుకు ఆడే మనిషి కంటి నంబరు ఇవ్వాలట. రెండు కళ్లదీ."

తాతయ్య గడ్డం గోక్కున్నాడు. "కార్డు అడుగుతోందా?"

"కార్డే అడుగుతోందండీ."

"అయితే ఇచ్చేద్దాం. దాని ముచ్చట కాదనడం దేనికి."

కార్డు పని మీద వచ్చానని కళ్ల డాక్టరుకీ చెప్పాడు. ఆయన రాసిచ్చిన అంకెల్ని పిన్ని ఒక ఖాళీ పేజీలో శ్రద్ధగా టైపు చేసి, అదే నంబరుకు కళ్లద్దాలూ చేయించింది. "అద్దాలు వీధిలోకి వెళ్లేటప్పుడూ తీయకూడదండీ. తీస్తే కార్డు నంబరు మర్చిపోతుందట."

తాతయ్య అద్దాలు పెట్టుకుని తెర వైపు తిరిగాడు. దారి బోర్డులు ఒక్కొక్కటే పైకి చదివాడు. ఆఖరికి, "గడ్డి కూడా వేశారే," అన్నాడు.

సాయంత్రం పిన్నిని వంటింట్లో పట్టుకున్నాను. "బొమ్మ మొదటి రోజే బాగైపోయింది కదూ?"

"మొదటి గంటలోనే. తప్పు కార్డుదేనని ఆయన నమ్మొద్దూ?"

ప్రెస్సు నుంచి అలిసొచ్చి, చేతకాదనిపించుకుంటూ, బాగున్నదాన్నే పదిహేను రోజులు బాగుచేసిందన్నమాట.

వారం తర్వాత తాతయ్య పక్కన కూర్చుని, "కార్డులకి ఎక్కడైనా కంటి నంబరు..." అని మొదలుపెట్టాను. ఆయన తెర మీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెలీదా అమ్మలూ? ఆ పిల్ల పదిహేను రోజులు కష్టపడి తయారుచేసిన అబద్ధం. నమ్మకపోతే ఏం బావుంటుంది? కాస్త జరుగు, స్టాపు వస్తోంది."