బావ ఉపవాసం, నా భోజనం

మా బావ తలకు నూనె పెట్టుకుని, నున్నగా దువ్వుకుని పనిలోకి రావడం మొదలుపెట్టినప్పుడే నాకు అనుమానం రావలసింది. రాలేదు. కోతమిల్లులో పనిచేసేవాడు నూనె రాసుకుంటే రంపపు పొట్టంతా జుట్టుకే అంటుకుంటుంది. మధ్యాహ్నానికల్లా తలను పిండిలో ముంచి తీసినట్టుంటుంది. "ఈ వయసులో ఎవరికోసం బావా ఈ సింగారం?" అని ఏడిపించాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు.

బావ అంటే మా అక్క మొగుడు. పదహారేళ్లు ఇద్దరం ఒకే రంపం దగ్గర పనిచేశాం. ఆయన దుంగను ఇవతల నుంచి తోస్తాడు, నేను అవతల నుంచి లాగుతాను. మధ్యలో మనిషి ఎత్తున నిలువుగా తిరిగే రంపం. ఆ మోతలో మాటలు వినపడవు. దుంగ సరిగ్గా కూర్చుంది, నా చేతులు తీసేశాను, ఇక లాగు అని చెప్పడానికి బావ ఒకసారి తల కిందికి వంచుతాడు. నేను లాగుతాను. పదహారేళ్లలో ఆ సైగ ఒక్కసారి కూడా తప్పలేదు.

మిల్లులో అందరూ ఆయన్ని కొలబద్ద అనేవాళ్లు. పలక వెంట్రుకవాసి తేడా వచ్చినా పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. అబద్ధం ఆడమంటే ఆయనకు నాలుక మడతపడేది. తడి చెక్కను ఎండిందని చెప్పమన్నాడు యజమాని ఒకసారి. బావ కొనేవాడి ముందు కాసేపు నీళ్లు నమిలి, చివరికి "రెండు నెలలు ఆగి వాడుకోండి" అనేశాడు. యజమాని పళ్లు నూరాడు గానీ అలాంటి చెయ్యి మళ్లీ దొరకదని తెలిసి నోరు మూసుకున్నాడు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో బావ తన అన్నం డబ్బా నా చేతిలో పెట్టడం మొదలుపెట్టాడు. "ఇవాళ నువ్వు తిను." మర్నాడూ అదే మాట. "మరి నువ్వో?" అంటే "నా సంగతి నేను చూసుకుంటాలే" అనేవాడు. తిండి దగ్గర నాకు మొహమాటం లేదు. మా ఆవిడకు అప్పుడే ఏడో నెల నిండింది. పొయ్యి దగ్గర నిలబడితే కళ్లు తిరుగుతున్నాయంటే, నేను ఎండు రొట్టెతో సరిపెట్టుకుంటున్నాను. అక్క చేతి వంట అయాచితంగా వచ్చింది. రెండు ఉడికిన గుడ్లు, కూర, అడుగున అన్నం. పొద్దుటిదీ మధ్యాహ్నానిదీ కలిపి ఒకే డబ్బాలో పెట్టించుకుని తెచ్చేవాడు. లొట్టలేసుకుంటూ తిన్నాను. ఎందుకిస్తున్నాడని ఆలోచించిన పాపాన పోలేదు.

మాకు అంతకు ముందు ఇద్దరు పోయారు. ఒకరు ఆరో నెలలో, ఒకరు పుట్టిన పూటే. మూడో బిడ్డ కడుపులో కదిలినప్పుడల్లా మా ఇద్దరికీ సంతోషం కంటే భయమే ఎక్కువ వేసేది. చర్చిలో మా కోసం ప్రార్థన చేస్తామని పాస్టరుగారు అంటే, వెనక బల్ల మీద కూర్చుని నేను తల వంచుకునేవాణ్ణి. నాకు నమ్మకం లేదని కాదు. రెండుసార్లు దెబ్బతిన్నవాడికి మూడోసారి చెయ్యి చాపాలంటే బెరుకు.

మూడో వారానికి బావ బెల్టుకు మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాడు. పెదవులు పగిలాయి. కుళాయి దగ్గర మొహం కడుక్కునేవాడు, గుక్కెడు నీళ్లు మాత్రం తాగేవాడు కాదు. జ్వరమేమో అనుకున్నాను. ఒక మధ్యాహ్నం బలవంతంగానైనా సగం తినిపిద్దామని మూత తీయని డబ్బా పట్టుకుని వెతుక్కుంటూ వెళ్లాను. పలకల వరసల వెనక, పొట్టు మీద మోకరించి, దుంగకు నుదురు ఆనించి ఉన్నాడు.

"ఎన్నాళ్ల నుంచి బావా?"

"ఇరవై ఏడు." దాచాలని చూడలేదు. "పొద్దు కుంకాక ఇంట్లో ఇంత తింటున్నాలే. నీళ్లూ అప్పుడే. మొత్తం నలభై అనుకున్నాను."

"ఎందుకు?"

ఆయన నా మొహం చూడకుండా చెప్పాడు. "మీ బిడ్డ కోసం."

"అక్కకు తెలుసా?"

"చెప్పుకుంటే ఇంకేముంది? ఉపవాసమని మొహం వేలాడేసుకుని నలుగురికీ చాటుకోవద్దన్నాడు కదరా ప్రభువు. తలకు నూనె రాసుకో, మొహం కడుక్కో అన్నాడు."

అప్పుడు అర్థమైంది ఆ సింగారం ఎవరికోసమో. ఒళ్లు మండింది. "రంపం దగ్గర పని బావా ఇది! కళ్లు తిరిగితే ఏం గతి? దేవుడు నీ వేళ్లు అడిగాడా?"

"ఆయనేం అడగలేదు. ఆయన్ని లొంగదీద్దామని కాదురా. నన్ను నేను లొంగదీసుకోవాలని. ఆకలేసినప్పుడల్లా మీ ఇద్దరూ గుర్తొస్తారు, ప్రార్థన చేస్తాను. కడుపు నిండిందా, మర్చిపోతాను. నేనంత మంచివాణ్ణేం కాదు." డబ్బా వైపు చెయ్యి చాపాడు. "నీకు భయంగా ఉంటే చెప్పు. తినమంటే ఇప్పుడే తింటాను. నలభై అని ఎవరికీ రాసివ్వలేదు."

తినమనాలి. మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆ పూట బయల్దేరే ముందే మా ఆవిడ నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది, లోపల బిడ్డ తన్నింది. ఇరవై ఏడు రోజులుగా తంతూనే ఉంది. ఈయన ముద్ద నోట్లో పెట్టుకున్న రోజే అది ఆగిపోతే? సిగ్గు విడిచి చెప్తున్నాను, నేను లెక్క వేసుకున్నాను. ఆయన చేయని బేరం ఆయన తరఫున నేను చేశాను.

దుంగ మీద కూర్చుని మూత తీశాను. ఆకలి లేదు. అయినా మెతుకు మిగల్చకుండా తిన్నాను. డబ్బా ఖాళీగా వెళ్లకపోతే అక్కకు తెలిసిపోతుంది కదా. బావ చాపిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

అక్కడి నుంచి నాకు ప్రతి దుంగా ఒక గండమే. ఆయన చేతుల మీద నుంచి కళ్లు తిప్పేవాణ్ణి కాదు. వాటి మీద నరాలు తాళ్లలా లేచి ఉండేవి. ముప్పై నాలుగో రోజు తోస్తూ తోస్తూ, ఎందుకు తోస్తున్నాడో మరిచిపోయినట్టు ఆగిపోయాడు. రంపం ఉత్తినే తిరుగుతోంది. ఆయన దాన్నే చూస్తున్నాడు. అప్పుడైనా మోటారు ఆపి, చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవలసింది. ఇంకా ఆరు రోజులే కదా అనుకున్నాను.

ముప్పై ఆరో రోజు రేకుల కప్పు కింద కొలిమిలా ఉంది. లావుపాటి దుంగ ఎక్కించాం. బావ దాన్ని సర్దుతున్నాడు. కుడిచెయ్యి నాకు కనపడటం లేదు, దుంగ అడ్డం. ఆయన తల కిందికి వంగింది.

నేను లాగాను.

రంపం మోత మారింది. అది చెక్కను కోసే మోత కాదు. ఎవరో మోటారు ఆపారు. బావ పొట్టులో పక్కకు పడి ఉన్నాడు, కళ్లు మూసుకుపోయి ఉన్నాయి. సైగ చేయలేదాయన. స్పృహ తప్పి తల వాలింది. కుడిచేతి నాలుగు వేళ్లు పోయాయి.

వారం తర్వాత, బావ ఉన్న ఆసుపత్రిలోనే, కింది అంతస్తులో మాకు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే గుక్కపట్టి ఏడ్చింది. ఆ ఏడుపు విని నేనూ ఏడ్చాను. రెండేసి మెట్లు ఎక్కుతూ బావ వార్డుకు పరుగెత్తాను.

వినగానే ఆయన కళ్లు మూసుకున్నాడు, పెదవులు కదిలాయి. అక్క నా చెంపలు నిమిరి, దేవుడికి దండం పెట్టుకుంది. అంతలోనే ఆమె మొహం మారిపోయింది.

"నెల పైనుంచి ఈయన పగలు ముద్ద ముట్టలేదట. డాక్టరు గుచ్చి గుచ్చి అడిగితే ఇవాళ ఒప్పుకున్నాడు. మరి డబ్బా రోజూ ఖాళీగా వచ్చేదే! నేనే కడిగేదాన్ని. అదంతా ఎవరు తిన్నారండీ?"

అడిగింది ఆయన్నే గానీ చూపు నా మీద ఉంది.

బావ కట్టు కట్టిన చెయ్యి గుండెల మీదికి లాక్కున్నాడు. నా వైపు చూడలేదు.

"మిల్లు వెనక కుక్కలున్నాయి కదే," అన్నాడు. "వాటికి వేశాను."

అక్క కాసేపు ఆయన్నే చూసింది. "నేను వండింది కుక్కలకా?" అంటూ అరచేత్తో కళ్లు తుడుచుకుంది.

నేను మంచం పట్టె పట్టుకుని నిలబడ్డాను. నోరు విప్పలేదు.