వట్టికాళ్ళ మాస్టారు

ఫిల్మ్‌నగర్‌లో సౌండు రికార్డిస్టుగా చేసి మానేసిన ఆయన్ని మాస్టారనేవాళ్ళం. ఐటీ డబ్బుతో జూబ్లీహిల్స్‌లో ఇంటికో హోమ్ థియేటర్ లేస్తున్న రోజులవి. నేల అదిరేలా మోగే సబ్‌వూఫర్ స్పీకరుకి ఏ ఆంప్లిఫయర్ పెట్టాలో ఆయన చెబితే ఇక తిరుగులేదు. ఆంప్లిఫయర్లు అమ్మే నేనే ఆయన్ని వెంటబెట్టుకెళ్ళేవాణ్ణి. చెప్పులు విడిచి, వట్టికాళ్ళతో బండల మీద నిలబడి, కళ్ళు మూసుకుని వినేవారు. అదొక విద్య అనుకునేవాళ్ళం.

ఒకసారి ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఓనరు ఇంటికెళ్ళాం. కిటికీల్లేని గది, నేలంతా మెత్తటి కార్పెట్.

"బండల మీద మీ కాళ్ళు సల్లగైతయని ఏయించిన, సార్," అన్నాడు ఓనరు మురిసిపోతూ. తలుపు మూసి, "పైన పాప పండుకుంది, జర మెల్లగ పెట్టు భాయ్," అని నాతో అన్నాడు.

నేను తెచ్చిన ఆంప్లిఫయర్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి మోగించాను. మాస్టారు కాలివేళ్ళతో కార్పెట్‌ను తడుముతూనే ఉన్నారు. ఓనరుతో సహా ఇంట్లోవాళ్ళందరి కళ్ళూ ఆయన మీదే. మూసి ఉన్న తలుపు వంక చూసి, ఆయన నా చెవి దగ్గరికి వంగారు.

"రెండోది మొదలెట్టావా, బాబూ?"

అది అయిపోయి చాలాసేపైంది. ఆయన చెవులు ఎప్పుడో పోయాయనీ, ఇన్నాళ్ళూ పాదాలతోనే విన్నారనీ నాకప్పుడు వెలిగింది.

పాపం, గుసగుసగానే అడిగాననుకున్నారు. గదిలో అందరికీ వినబడింది.