మా వసారాలో కూర్చున్న కమిటీ

నా చిన్నప్పుడు మా తాతయ్యకి ఒక పదవి ఉండేది. కృత్తివెన్ను దగ్గర మా ఊరి ప్రభుత్వాసుపత్రి కమిటీలో సభ్యుడు. జీతం లేదు. ఒక కుర్చీ, మీటింగు రోజున ఒక ప్లేటు బిస్కెట్లు. రిటైరైన మాస్టారు కదా, పాపం, దాన్ని నిజంగానే పదవి అనుకున్నారు.

ఆ ఏడు చైర్మన్ గారికి ఒక ఆలోచన వచ్చింది. కాన్పులు తగ్గాయి, ఎలాగూ బందరులో పెద్దాసుపత్రి ఉంది, కాబట్టి కాన్పుల గది మూసేసి దాన్ని కమిటీకి ఏసీ మీటింగ్ హాలు చేద్దామని. పక్కింటి అక్కకి అప్పుడు ఏడో నెల. వాళ్ళాయన వేటకి సముద్రం మీదికి వెళ్తే ఎప్పుడొస్తాడో తెలియదు. నొప్పులొస్తే బందరు ఎలా వెళ్ళాలండీ అని ఆ అక్క మా తాతయ్యని అడిగింది.

"నువ్వు వెళ్ళక్కర్లేదమ్మా, నేను చూస్తాను" అన్నారాయన.

చూశారు. మిగతా నలుగురు సభ్యుల ఇళ్ళకీ తిరిగారు. రొయ్యల మేత కొట్టాయన, రైసు మిల్లాయన, మరో ఇద్దరూ మీ మాటే మా మాట మాస్టారూ అన్నారట. తీరా మీటింగులో చైర్మన్ గారు ఎవరికైనా అభ్యంతరమా అని అడిగితే తాతయ్య ఒక్కరే లేచారు. మిగతావాళ్ళు ఓటింగు బిస్కెట్ల మీద జరుగుతున్నట్టు ప్లేట్ల వంకే చూశారట. తీర్మానం ఏకగ్రీవం అని ప్రకటించారు. తాతయ్య ఇంకా నిలబడే ఉన్నారు.

ఆ సాయంత్రం ఒక్కొక్కరూ మా ఇంటికి ఓదార్పుకి బయల్దేరారు. మొదట మిల్లాయన. ముందు గదిలో గొంతు తగ్గించి, "మీరన్నది కరెక్టేనండీ. అందరి ముందూ అంటే బాగోదని ఊరుకున్నాను" అన్నాడు. తాతయ్య ఆయన్ని టీ తాగి వెళ్ళమని వెనక వసారాలో కూర్చోబెట్టారు. తర్వాత వచ్చినవాళ్ళూ అదే మాట అన్నారు, వాళ్ళనీ వసారాలోకే పంపారు. నాలుగో ఆయన కూడా చేరాక తాతయ్య వెళ్ళి వాళ్ళ మధ్య కూర్చున్నారు.

"ఆరుగురిలో ఐదుగురం ఇక్కడే ఉన్నాం. నా ఒక్కడికే చెప్పింది ఇప్పుడు అందరి ముందూ చెప్పండి. పొద్దున్నే కలెక్టరాఫీసుకి కలిసి వెళ్దాం."

నా బుర్రలో క్లైమాక్స్ మ్యూజిక్ మొదలైంది. మేత కొట్టాయన గొంతు సవరించుకున్నాడు.

"ఈ ఏడు వానలు లేటండీ" అన్నాడు.

అవునన్నాడు మిల్లాయన. మిగతా ఇద్దరూ అవునన్నారు. మా నాయనమ్మ టీని మెచ్చుకుని, నలుగురూ కలిసే వెళ్ళిపోయారు.

నొప్పులొచ్చిన రోజు అక్క బందరు చేరలేదు. దారిలో ఆటోలోనే కాన్పయింది. అక్క దక్కింది, బిడ్డ దక్కలేదు. కమిటీ కొత్త హాల్లో సమావేశమై ఒక నిమిషం మౌనం పాటించింది. మౌనం వాళ్ళకి కొత్త కాదు.

తాతయ్య ఆ మీటింగుకి వెళ్ళలేదు. మా అరుగు మీద కూర్చుని, పక్కింటి వైపు చూడలేక రోడ్డు వైపు చూస్తూ, "వాళ్ళలో చెడ్డవాడు ఒక్కడూ లేడురా. ఉంటే వాడితో పోట్లాడేవాణ్ణి" అన్నారు. నాకు అప్పట్లో సగమే అర్థమైంది.

ఇప్పుడు నేనూ బందరులో ఒక కాలేజీ కమిటీలో కూర్చుంటున్నాను. మీటింగయ్యాక మెట్ల మీద ఎవరో ఒకరు నా చెయ్యి పట్టుకుని, మీరన్నది కరెక్టేనండీ అంటారు. ఆ చెయ్యి వదలకుండా, లోపలికెళ్ళి చెబుదాం రండి అని వెనక్కి తిరుగుతాను. ఇంతవరకూ ఏ చెయ్యీ తలుపు దాకా రాలేదు.