రామేశ్వరంలో అమ్మ వదిలేసింది

తీర్థయాత్రకు వెళితే పాపాలు పోతాయంటారు. మా పెదనాన్న మమ్మల్ని రామేశ్వరం తీసుకెళ్ళింది మా పొలం పోగొట్టడానికి. ఈ మాట మా వాళ్ళ ముందు అంటే ఇప్పటికీ పోట్లాటే. పోట్లాటైతే కానివ్వండి, జరిగింది మాత్రం ఇదే.

ఎనభైల్లో మా గుంటూరు వైపు పల్లెల్లో మిరపకాయలు అమ్ముడయ్యాక, తొలకరి పడేలోపు, ఊళ్ళో వాళ్ళు కలిసి బస్సు మాట్లాడుకుని యాత్రకు వెళ్ళేవాళ్ళు. నేను పదో తరగతి పరీక్షలు రాసిన ఏడాది రామేశ్వరం అనుకున్నారు. నాన్న పోయి అప్పటికి రెండేళ్ళు. ఆయన వాటాకు వచ్చిన మూడెకరాల నల్లరేగడిలో అమ్మే మిరప వేయించేది. దుక్కి దున్నించడం, కూలీలను పిలవడం, కాయ కోయించి కళ్ళంలో ఆరబెట్టించడం, బస్తాలు గుంటూరు యార్డుకు పంపడం, అన్నీ ఆమే చూసుకునేది. ఇది నాన్నకు అన్న అయిన పెదనాన్నకు గిట్టలేదు. పొలం తనకు కౌలుకిచ్చి ఇంటి పట్టున ఉండమనేవాడు. ఆయన చేతికి కౌలుకు వెళ్ళిన పొలం తిరిగి వచ్చిన దాఖలా మా ఊళ్ళో లేదు.

అమ్మ ఆయనకు ఎదురుగా నిలబడి మాట్లాడేది కాదు. బావగారి ముందు గొంతెత్తడం మా ఇళ్ళలో మర్యాద కాదు. తలుపు చాటున నిలబడి, "చూద్దామన్నానని చెప్పవే" అని నాతో అనిపించేది. ఆ "చూద్దాం" విని విని ఆయనకు విసుగు పుట్టింది. నాకూ పుట్టింది. ఇవ్వను అని ఒక్క మాట అనదేం అని లోపల ఉడికిపోయేదాన్ని.

బస్సులో మా ముందు సీట్లో ఊరందరూ మామ్మా అని పిలిచే ఒక ముసలావిడ కూర్చుంది. ఆవిడ అంతకుముందే కాశీ వెళ్ళొచ్చి, అక్కడ వంకాయ వదిలేసింది. కాశీలో ఇష్టమైన కాయో పండో వదిలేయడం అందరూ ఎరిగినదే. అంత దూరం పోలేని మా ఊరివాళ్ళు ఆ పని రామేశ్వరంలోనే కానిచ్చేవాళ్ళు. దానికో కట్టుబాటుంది. వదిలేది పదిమందిలో నోరు తెరిచి చెప్పాలి. చెప్పాక ఇక తిరుగులేదు. తెలిసి తెలిసి ఎవరైనా వడ్డిస్తే, ఆ పాపం వడ్డించినవాళ్ళదే. దారి పొడుగునా వంటలో ఎప్పుడు వంకాయ తరిగినా, మామ్మ విస్తరి దాకా ఆ గరిటె పోకుండా చూసేవాళ్ళు.

అప్పటికింకా సముద్రం మీద బస్సులు పోయే వంతెన లేదు. బస్సు మండపంలో ఆపి రైలెక్కాం. రెండు వైపులా నీళ్ళే కనిపించేసరికి ఆడవాళ్ళంతా ఒకేసారి దణ్ణాలు పెట్టారు. తీరా తెల్లవారుజామున స్నానానికి దిగితే అక్కడ అలల్లేవు. కొత్తపట్నంలో సముద్రం చూసినవాళ్ళు మూతులు విరిచారు. "ఇదేం సముద్రమే తల్లీ, మన చెరువు నయం," అంది పెద్దమ్మ. నాకు మాత్రం ఎంతో నచ్చింది. తూర్పున ఎర్రబడుతుంటే, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వెనక్కి తిరిగితే గాలిగోపురం కనిపించింది.

స్నానాలయ్యాక వదిలే కార్యక్రమం మొదలైంది. చేదంటే పడనాయన కాకరకాయ వదిలేశాడు. మా పెద్దమ్మ ఆపిల్ పండు వదిలేసింది. మా ఊరికి ఆపిల్ రావాలంటే ఎవరికైనా జబ్బు చేయాలి. దేవుడికి ఇవన్నీ తెలియవా అనుకుని నవ్వుకుంటుంటే అమ్మ వంతు వచ్చింది. ఆమె దోసిట్లో నీళ్ళు తీసుకుంది. ఇంకా నోరు విప్పకముందే పెదనాన్న అందరికీ వినపడేలా అందుకున్నాడు.

"అమ్మాయ్, కాయా పండూ వదిలితే ఏమొస్తది? ఆ పొలం గోల వదిలెయ్. మూడెకరాలూ నేను చూసుకుంటా. సముద్రం సాక్షి, ఈ పెద్దలంతా సాక్షి. అనెయ్ మరి!"

ఒక్క క్షణంలో నాకంతా అర్థమైంది. ఇంట్లో అయితే తలుపు చాటుంది, "చూద్దాం" ఉంది. ఇక్కడ రెండూ లేవు. ఊరి బస్సంతా చూస్తుండగా ఔనంటే పొలం పోయినట్టే, కాదంటే దేవుడి ముందు పెద్దవాణ్ణి ధిక్కరించినట్టు. ఎంత తెలివి! నాకు ఒళ్ళు మండిపోయింది. ఏదో అనబోయాను. అమ్మ మోచేత్తో నన్ను పొడిచింది.

అప్పుడు ఆమె ఆయన వైపు తిరిగింది. కొంగు సర్దుకోలేదు, తల దించలేదు.

"ఇష్టమైందే వదలాలి గదా బావగారూ. మీ మాటంటే నాకెంత గౌరవమో అందరికీ తెలుసు. అందుకని అదే వదిలేస్తన్నా. పొలం సంగతిలో మీ మాట వినటం ఇయ్యాల్టితో మానేశా. సముద్రం సాక్షి, పెద్దలంతా సాక్షి."

దోసిట్లో నీళ్ళు వదిలేసింది.

పెదనాన్న నోరు తెరిచాడు. "అది కాదమ్మాయ్..." అన్నాడో లేదో, మామ్మ తడిబట్టలతోనే ఆయన మీదికి వచ్చింది. "ఒరేయ్, ఆగరా! వదిలేసినాక వడ్డించకూడదు. వడ్డించినోడికే పాపం. రామేశ్వరం దాకా వచ్చింది పాపం మూటగట్టుకోటానికా?" ఎవరో కిసుక్కున నవ్వారు. నవ్వింది పెద్దమ్మేనని నా నమ్మకం. ఆవిడ ఎన్నడూ ఒప్పుకోలేదు.

ఆ తర్వాత గుడిలో బావుల నీళ్ళు తలమీద పోయించుకుంటూ అందరం తడిసి ముద్దయ్యాం. పెదనాన్న ముందు నడిచాడు. స్తంభాల వసారా చివర కనిపించనంత పొడుగు. అమ్మ అక్కడ ఆగింది. ఒక స్తంభానికి చేయి ఆనించి చాలాసేపు అలా చూస్తూ నిలబడింది. ఎప్పుడూ ఏదో ఒక పని మీద పరుగెత్తే మనిషి, తాపీగా నిలబడగా చూడడం నాకదే మొదలు. ఆమె చేయి పట్టుకుని నేను గర్వంతో నడిచాను. దాచుకోవడమెందుకు, ఆ రోజు నాకు దేవుడి దర్శనం సరిగా గుర్తే లేదు.

ఊరొచ్చాక ఆమె కథలోలాగా గెలిచిందని రాయాలని నాకూ ఉంది. కానీ గెలవలేదు. ఆ ఏడు మిరపకు ముడత తెగులు తగిలింది. ఆకు ముడుచుకుపోయి, కాయ పట్టక, చేలో సగం మొక్కలు పీకించాల్సి వచ్చింది. కట్టుబాటుకు భయపడి పెదనాన్న మా గడప తొక్కలేదు గానీ, టీ బంకు దగ్గర కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు "నేను చెప్పలా?" అనేవాడు. ఆ మాట రోజూ ఏదో దారిన మా ఇంటికి చేరేది. నాకు వీధిలోకి వెళ్ళాలంటే సిగ్గేసేది.

మరుసటి ఏడు వానలు పడగానే అమ్మ మళ్ళీ మిరప నారు పోయించడానికి మడి కట్టించింది. నేను ఉండబట్టలేక అడిగాను. "ఈసారి కూడా పోతే?"

ఆమె మడిలో గింజలు చల్లుతూ, తలెత్తకుండా చెప్పింది.

"పోతే నా పంట పోద్ది. పోయేదానికైనా నాకంటూ ఒకటుండాలిగా."